ఆకుపచ్చ బోర్డుల బంగారు అంచు

“అన్నీ కత్తిరించినావా జేజీ?”

“అన్నీ యాడ కత్తిరించినా? బంగారు రంగు ఉండేటియే.”

“ఎవురు చెప్పినారు నీకు కత్తిరించమని?”

“ఒకరు చెప్పాల్నా? కండ్ల ముందర బంగారం కనపడ్తాంటే చెత్త లారీకి ఏసి పంపిస్తారా ఎవురన్నా?”

“అది చెత్త లారీ కాదని నీకు నాలుగుసార్లు చెప్పింటి. ముట్టుకోవద్దని గూడా చెప్పింటి.”

“చెప్పింటివి. షాక్ కొడ్తాదని చెప్పినావనుకుంటి. కరెంటే లేనిదానికి షాక్ యాడిదిలే అని ముట్టుకుంటి.”

“జేజీ!”

“అరవద్దు. పక్కింటోళ్ళు వింటాండారు.”

“విననీ. రేపు పులివెందులంతా వింటాది.”

ఒక సోమవారం పొద్దున మా ఇంటి నడవలో జరిగిన గొడవ ఇది. మా ఇల్లు ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ బజారు వెనక సందులో ఉంది. అరుస్తున్నది నా మనవరాలు, నా కొడుకు కూతురు. మా వైపు నాయనమ్మను జేజి అంటారు. ఆ పిల్ల పులివెందులలో ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. కాంట్రాక్టు పని. ఏటా కొత్త కాగితం చేతికిస్తేనే పని ఉన్నట్టు. ఆ కాగితం ఇచ్చేదీ మానేదీ తేల్చే నెల అది.

నడవలో గోనెసంచి బోర్లించి ఉంది. పాత కంప్యూటర్ల లోపలి ఆకుపచ్చ బోర్డులు నేల మీద పరుచుకున్నాయి. వాటికి ఒక అంచున దువ్వెన పళ్ళ మాదిరి బంగారు రంగు గీతలుంటాయి. శనివారం మధ్యాహ్నం వరకు వీటికీ ఉండేవి. నేను నా భర్త వాడిన రేకు కత్తెర తీసుకుని కూర్చుని ఆ అంచులన్నీ కత్తిరించాను.

ఎందుకు కత్తిరించానో చెప్పాలంటే మా ఇంటి చీపురు గురించి చెప్పాలి. నేను మూడో తరగతి వరకే చదివాను. పదహారేళ్ళకు ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా మామది బంగారు పని, ఆయన తర్వాత నా భర్తదీ అదే. ముందు గదిలోనే కుంపటి, సుత్తీ దాగలీ, ఆకురాళ్ళు. వచ్చిన మూడో రోజు నేను ఆ గది ఊడ్చి దుమ్ము వీధిలో పోశాను. మా అత్త అరవలేదు, కొట్టలేదు. నన్ను వీధిలో కూర్చోబెట్టి, నేను పోసిన దుమ్మును మట్టితో సహా నా చేతనే ఎత్తించింది. వీధిలో పోయే ప్రతివాళ్ళూ చూశారు. ఆకురాయి పెట్టి రుద్దినప్పుడు రాలే బంగారం కంటికి కనపడదు, అది దుమ్ములోనే ఉంటుంది. కంసాలి ఇంట్లో చీపురు లోపలికే కదలాలి. పనిచేసిన చేతులు కడిగిన నీళ్ళు తొట్టిలో పోయాలి. కూర్చునే చాప పాతబడితే పారేయకూడదు, కాల్చి బూడిద దాచాలి. ఆ గదిలో ఆడుకున్న పిల్లలు గడప దగ్గర కాళ్ళు దులిపి గానీ బయటికి పోకూడదు. నేను అవన్నీ నేర్చుకున్నాను, నా తర్వాత వచ్చినవాళ్ళకూ నేర్పాను. నా మనవరాలు అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించడం నా దగ్గరే నేర్చుకుంది.

ఏడాదికి రెండుసార్లు ఆ దుమ్ము కడగడానికి ఒక సాయిబు వచ్చేవాడు. మా పెరట్లో కూర్చుని, పెద్ద పళ్ళెంలో దుమ్ము కడిగి, పాదరసం పోసి ఒట్టి చేతులతో పిసికి, చివరికి యాసిడ్ పోసి, ఎందుకూ పనికిరాదనుకున్న మట్టిలోంచి బంగారు పూస తీసేవాడు. దాన్ని నా భర్త అరచేతిలో పెట్టి, “సూడప్పా, మీ ఇంటి చీపురు సంపాయించింది” అనేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. నేను అన్నా అనేదాన్ని. నా భర్త పోయాక కుంపటి ఆరిపోయింది, దుమ్మూ లేదు, సాయిబు రావడమూ లేదు. జమ్మలమడుగులో కూతురి దగ్గర ఉంటున్నాడని తెలుసు. అంతకంటే ఏమీ తెలియదు. తెలుసుకోవాల్సింది.

ఇట్లా బతికిన దాని ముందర బంగారు అంచుల బోర్డులు సంచెడు పెట్టి, ముట్టుకోవద్దని, సోమవారం వచ్చి తీసుకుపోతానని చెప్పి ఆ పిల్ల శుక్రవారం సాయంత్రం పులివెందుల బస్సెక్కింది. శనివారం మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. తర్వాత ఒక బోర్డు తీసి గీటురాయి మీద గీశాను. పలచగా గీత పడింది. సీసాలో అడుగున మిగిలిన పాత యాసిడ్ చుక్క అద్దాను. రాగి అయితే గీత మాయం కావాలి. కాలేదు. ఇంక నా చేతులు ఆగలేదు. స్టీలు డబ్బా నిండా అంచులు వచ్చాయి. ఆ పిల్ల ముక్కుకు పుడక ఎప్పుడూ పెట్టలేకపోయాను, అంతమాత్రమైనా రాకపోతుందా అనుకున్నాను. ఆదివారం సాయిబు కూతురు మిషన్ కుట్టడానికి దారాలూ లైనింగు గుడ్డా కొనడానికి మా బజారుకు వచ్చి, పలకరించి పోదామని ఇంటికి వచ్చింది. డబ్బా ఆమె చేతికిచ్చి, “మీ నాయనకియ్యి, ఏం చేయాల్నో ఆయనకే తెలుసు” అని పంపించాను.

నా మనవరాలి సంచిలోకి ఆ బోర్డులు ఎట్లా వచ్చాయో కూడా చెప్తాను. ఆ పిల్ల పనిలో చేరినప్పుడు విశ్వవిద్యాలయంలో ఒక గది నిండా చచ్చిన కంప్యూటర్లు ఉండేవట. పాడైన చార్జర్లు, ఫోన్లు పిల్లలు యాడపడితే ఆడ పారేసేవాళ్ళు. ఒకరోజు హాస్టల్ వెనక గుంతలో ఎవరో రాగి కోసం వైర్లు కాలుస్తుంటే ఆ నల్లపొగకు ఈ పిల్లకు రెండు రోజులు గొంతు పెగల్లేదు. అప్పుడు పోయి పెద్దవాళ్ళను అడిగింది, ఈ పాత సామాను నాకు అప్పజెప్పండి, ఒక దారిలో పెడతానని. కొందరు నవ్వారట, నీకెందుకమ్మా ఈ చెత్త అని. ఆ విభాగం చూసుకునే పెద్ద మేడమ్ మాత్రం ఒక షెడ్డు, దాని తాళంచెవి ఇచ్చింది.

నేను ఒకసారి పోయి చూశాను ఆ షెడ్డును. మూడు వరసల అరలు. మొదటి వరసలో బాగయ్యేవి. పది చచ్చిన మిషన్లను విప్పి, ఒకదాని భాగం ఇంకొకదానికి పెట్టి, మూడింటిని బతికించింది. అవి చాపాడు దగ్గర ఒక బడికి పోయాయి. రెండో వరసలో విడిభాగాలు. మూడో వరసలో ఇక దేనికీ రానివి. వాటిని సర్కారు అనుమతి ఉన్న కంపెనీ లారీ వచ్చి తీసుకుపోతుంది. పూరీల మాదిరి ఉబ్బిన ఫోన్ బ్యాటరీలను పొడి ఇసుక బక్కెట్లో విడిగా పెట్టింది, అంటుకోకుండా. ప్రతిదానికీ ఒక చీటీ. పిల్లల ఇండ్లల్లో మూలపడినవి కూడా రావాలని ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో కాలేజీల దగ్గర పెట్టెలు పెట్టించింది. ప్రొద్దుటూరు పెట్టె నిండితే ఆ సరుకే మా నడవలోకి వచ్చింది. ఆ షెడ్డులో నిలబడినప్పుడు నాకు మా అత్త వంటిల్లు కళ్ళముందు మెదిలింది. ఆ మాట ఆ పిల్లతో అనలేదు. మా ఇంట్లో పొగిడే అలవాటు లేదు. “నేల ఊడ్చలేదే” అని మాత్రం అన్నాను.

సోమవారం పొద్దున ఆ పిల్ల సంచి తీసుకుపోవడానికి వచ్చి, తాడు విప్పి చూసింది. మంగళవారం పొద్దున లారీ వస్తుంది.

“ఆ కంపెనీ మనిషి ఒక్కొక్క బోర్డూ చేతిలోకి తీస్కొని చూస్తాడు జేజీ. పండ్లు ఊడిన ముసిలోళ్ళ మాదిరి ఉండాయి ఇవి. ఏమంటారో తెల్సా?”

“ఏమంటారు?”

“ప్రొద్దుటూరు పిల్ల గదా అంటారు. కంసాలోళ్ళ పిల్ల గదా, బంగారం యాడుందో దానికి తెలవదా, అందుకే తాళంచెవి అడిగి తీసుకుంది అంటారు. నా కాగితం ఇంక రాదు. రాకున్నా పర్లేదు, ఆ పేరు పోతాదా?”

బంగారం పనివాళ్ళ ఇంట్లో అన్నిటికంటే భయపడేది ఆ మాటకే. నా భర్త నలభై ఏళ్ళు ఒకరి సొమ్ము చేతిలో పెట్టుకుని పనిచేశాడు, ఆ మాట ఒక్కసారి కూడా పడలేదు.

“ఆ అంచులన్నా యాడుండాయి? ఇయ్యి. బోర్డుల్తో పాటే పెడ్తా.”

“జమ్మలమడుక్కు పంపిస్తి.”

“ఎవురికి?”

చెప్పాను. ఆ పిల్ల నెత్తిన చేతులు పెట్టుకుని గడప మీద కూలబడింది.

“యాసిడ్‌లో ఏస్తాడా?”

“ఇంకెట్ల తీస్తాడు?”

“లే జేజీ. లేసి చెప్పులేస్కో.”

జమ్మలమడుగు బస్సులో ఆ పిల్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆడవాళ్ళకు ఇప్పుడు ఊరికే ప్రయాణం, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఆ టికెట్టు చేతిలో పడ్డప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. ఆ రోజు దాన్ని మడిచి కొంగుకు కట్టుకున్నాను, అంతే. సగం దారిలో ఆ పిల్లే మాట్లాడింది, ముఖం ఇటు తిప్పకుండా.

“అంచు కత్తిరిస్తే ఏమైతాదో తెల్సా? మిగిలిందాన్ని ఎవురూ తీసుకోరు. దాంట్లో సీసం ఉంటాది, ఇంకా ఏమేమో ఉంటాయి. బంగారం ఉంటాదనే ఆశకు మిగతాదంతా మోసుకుపోయి సరిగ్గా కరిగిస్తారు వాళ్ళు. ఆ ఆశ నువ్వు కత్తిరించేస్తివి. ఇప్పుడిది గుంతకే పోతాది.”

మా ఇంటి దుమ్ముకు ఆ లెక్క లేదు. దుమ్ములోంచి బంగారం పోతే మిగిలేది మన్నే. మన్ను వల్ల ఎవరికీ చెడుపు లేదు. దీంట్లోంచి బంగారం తీస్తే మిగిలేది మన్ను కాదని నాకు ఆ బస్సులోనే తెలిసింది.

సాయిబు ఇల్లు పెన్న వైపు దిగే సందులో ఉంది. వాకిట్లోకి అడుగు పెట్టకముందే వాసన తగిలింది. గొంతులో గీరినట్టు ఉండే ఆ వాసన నాకు తెలుసు. లోపల ఆయన కూతురు మిషన్ ఆపి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి పలకరించలేదు.

“రాండి. మీరు పంపిన సరుకే. పొద్దన్నుంచి గలాట. ఆ గిన్నె ఎత్తి బయట పారేస్తానంటాండా, వినడు.”

“ఏమ్మా, ఏమైంది?”

“ఏమైందా? మా నాయన ఈ పని మానేసి మూడేండ్లాయె. ఊపిరాడదని డాక్టరు యాసిడ్ వాసనే చూడొద్దన్న్యాడు. మీకు తెల్దా? డబ్బాలో ఏముందో నాకన్నా చెప్పాల గదా మీరు? చెప్పింటే ఆడనే ఇచ్చేసి వచ్చింటి.”

నన్ను నా వయసులో ఆ గొంతుతో అడిగినవాళ్ళు లేరు. అడగాల్సిన మాటే కనక తలవంచుకుని విన్నాను.

పెరట్లో సాయిబు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. ముందర పింగాణీ గిన్నె. దాంట్లో నీళ్ళు నెమలి మెడ రంగులో ఉన్నాయి. పైన ఎర్రటి పొగ పలచగా లేస్తోంది. నన్ను చూసి లేవబోయి దగ్గు పట్టుకుని కూర్చుండిపోయాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. నా మనవరాలు సంచి కింద పడేసి పోయి ఆయన చంకల కింద చేతులు వేసి లేపింది.

“తాతా, ముందు నువ్వు ఇవతలికి రా. మాటలు తర్వాత. గాలి ఎటుందో అటు కూచో.”

వీధి అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. దగ్గు సద్దుమణగడానికి శానాసేపు పట్టింది. నేను పక్కన కూర్చున్నాను.

“ఎందుకు చేసినావన్నా? మానుకున్న్యానని ఒక్క మాట చెప్పి పంపింటే సరిపోతాండె గదా.”

“నువ్వు పంపితివి గదా చెల్లెమ్మా. మీ ఇంటి దుమ్ము అన్నేండ్లు కడిగితి. ఇన్నేండ్లకు మళ్ళా నన్ను తల్సుకొని పంపితే ఎట్ల కాదందు?”

“సచ్చిపోతావని తెలిస్తే పంపుతానా?”

“సావనులే. సగమే ఏసినా. మిగిలిన సగం డబ్బాలోనే ఉండాది. పొద్దన్నే పానం బాగలేకపాయె, ఒగ మంచి పనయింది.”

ఆయన నవ్వి చేతులు చాచాడు. ఆ చేతులను నేను అన్నేళ్ళు చూశాను, కానీ ఆ రోజే చూసినట్టనిపించింది. వేళ్ళ కొనలు నున్నగా, గీతలే లేకుండా ఉన్నాయి. రేషన్ మిషన్ మీద వేలు పెడితే పడదట. పింఛనుకూ అంతే, మొగం చూపించాలి. “నేనెవురో ఆ మిషన్‌కు తెలవదు చెల్లెమ్మా” అన్నాడు. మా ఇంటి బంగారానికి ఆ వేలి గీతలు కూడా కడుక్కుపోయాయని ఎవరూ నాకు చెప్పనక్కరలేదు.

“ఎంత వచ్చింది తాతా, సగానికి?” అని నా మనవరాలు అడిగింది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే.

“పైన తేల్తాండాయి చూడు పొరలు, ఉల్లిపొర కన్నా పల్చన. అన్నీ కరగబోస్తే ఆవగింజంత. అదీ చిన్న ఆవగింజ.” పెరటి మూల చూపించాడు. “ఇట్లాంటియి ముందొక సంవత్సరం చేసినా. మద్రాసు నుంచి మూటలొచ్చేటివి. ఆ నీళ్ళు ఆ మూల పోస్తాంటి. ఆడ నిమ్మచెట్టు ఉండె.”

అక్కడ చెట్టు లేదు. గడ్డి కూడా లేదు. నేల తెల్లగా ఉంది.

నా మనవరాలు ఆ గిన్నెను వెంటనే ముట్టుకోలేదు, మమ్మల్నీ ముట్టుకోనివ్వలేదు. ఎవరికో ఫోన్ చేసి ఎట్లా చేయాలో అడిగింది. చల్లారి పొగ ఆగేదాకా కాచుకుంది. సాయిబు కూతురి దగ్గర గుడ్డ, ప్లాస్టిక్ చేతి తొడుగులు తీసుకుని, యాసిడ్ వచ్చిన క్యానులోకే ఆ నీలం నీళ్ళను పొరలతో సహా మెల్లగా వంపింది. మూత బిగించకుండా వదులుగా పెట్టి, పెరటి చివర నీడలో, చుట్టూ ఇటుకలు పేర్చి నిలబెట్టింది.

“దీన్ని కాలవలో పోయకండి. ఎండలో పెట్టకండి. దీన్నెట్ల పంపించాల్నో రేపు వాళ్ళనడిగి చెప్తా” అని సాయిబు కూతురికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతు మా అత్త గొంతు మాదిరే ఉంది. ఎక్కడా పెరగలేదు, ఎక్కడా తగ్గలేదు.

మేం పోయేముందు, అంతా విన్న సాయిబు డబ్బా నా చేతికిచ్చాడు. “ఆ పిల్ల పనికేం కాదు గదా?” అన్నాడు. ఏం కాదని నాకు తెలియదు మరి.

పులివెందుల చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ పిల్ల అద్దె గదిలో నేను సంగటి కెలికాను, ఆ పిల్ల చెనక్కాయల చట్నీ నూరింది. తింటుంటే నా కుడిచేతి బొటనవేలి మీద బొబ్బ కనపడింది ఆ పిల్లకు. కత్తెర పట్టిన బొబ్బ. లేచి టెంకాయ నూనె తెచ్చి నా వేలికి రాసింది. రాస్తున్నంతసేపూ వేలినే చూస్తోంది.

“నొప్పిగా ఉండాదా?”

“లేదు.”

“అబద్ధాలు.” ఇంకాస్త నూనె రాసింది. “రేపు నువ్వు నాతో రావద్దు జేజీ. వచ్చినా మాట్లాడొద్దు. నేను చూసుకుంటా.”

“ఏం చూసుకుంటావు?”

“చూసుకుంటా అన్న్యా గదా.”

ఆ పిల్ల బోర్డుల పక్కన కత్తిరించిన అంచుల డబ్బా పెట్టి, దానికీ ఒక చీటీ అంటించింది. చీటీ మీద ఏమి రాయాలో తెలియక పెన్ను పట్టుకుని శానాసేపు కూర్చుంది. చివరికి ‘అంచులు, సగం’ అని రాసింది.

మంగళవారం పొద్దున ఏడున్నరకే షెడ్డు దగ్గరికి పోయాం. ఆ పిల్ల రావద్దన్నా నేను పోయాను. నన్ను వాకిలి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, “గమ్మునుండు” అంది. లారీ ఎనిమిదికి వచ్చింది. పెద్ద మేడమ్ వచ్చింది, నెమ్మదిగా మాట్లాడే కోస్తా ఆవిడ. కంపెనీ మనిషి ఒక్కొక్కటీ తీసి చూసి లారీలో పెట్టిస్తున్నాడు. బ్యాటరీల ఇసుక బక్కెట్టు చూసి, బాగా పెట్టారే అన్నాడు. తర్వాత ప్రొద్దుటూరు సంచి విప్పాడు.

“మేడమ్, వీటికి అంచులు లేవు. ఎవరో కత్తిరించినారు.”

మేడమ్ నా మనవరాలి వైపు చూసింది.

“నేనే కత్తిరించినా మేడమ్. తెలవక చేసినా” అంది నా మనవరాలు.

నేను లేచాను.

“ఏందే, నీకు తెలవకనా? ఆ షెడ్డులో నీకు తెలవందేముంది? అబద్ధం ఎవురు నేర్పించినారే నీకు? మన ఇంట్లో నేర్చుకున్న్యావా?”

“జేజీ, గమ్మునుండు.”

“ఉండను. అమ్మా, మేడమ్ గారూ, కత్తిరించింది నేను. ముట్టుకోవద్దని ఆ పిల్ల నాకు చెప్పే పోయింది. నాదే తప్పు.”

మేడమ్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. “మామ్మగారూ, ఎందుకు కత్తిరించారండీ?”

“బంగారం గనక.”

కంపెనీ మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. మేడమ్ నవ్వలేదు. కూర్చోమని కుర్చీ వేయించింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. గీటురాయి, కత్తెర, సాయిబు, నీలం నీళ్ళు, క్యాను, అన్నీ. మిగిలిన అంచుల డబ్బా బల్ల మీద పెట్టాను. నా మనవరాలు నేల చూస్తూ నిలబడింది.

మేడమ్ తాళంచెవి అడిగింది. ఆ పిల్ల ఇచ్చింది. మేడమ్ దాన్ని చేతిలో పెట్టుకుని అరల మధ్య ఒకసారి తిరిగి వచ్చింది. తర్వాత చెప్పింది. ఇక మీద పెట్టెల్లో సరుకు ఎవరి ఇంటికీ పోకూడదు, నేరుగా షెడ్డుకే రావాలి. షెడ్డుకు ఇంకో తాళం వేయాలి, దాని చెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. జరిగింది నా మనవరాలి కాగితంలో రాయక తప్పదు. కాగితం మాత్రం ఇస్తారు. ఇంత చెప్పి తాళంచెవిని తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టి, “అబద్ధం చెప్పినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది” అంది.

నా చేత కూడా రాయించుకుంది. నాలుగు వాక్యాలు రాయడానికి నాకు అరగంట పట్టింది. ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో. కింద సంతకం పెట్టాను.

అంచులు లేని బోర్డులను కంపెనీ మనిషి వేరే పెట్టెలో పెట్టాడు. వాటికి తక్కువ రకం అని రాసుకున్నాడు, కానీ వదిలేయకుండా తీసుకున్నాడు. అంచుల డబ్బానూ తీసుకున్నాడు. యాసిడ్ క్యానును మాత్రం ఆ లారీలో ఎక్కించడం కుదరదన్నాడు. దానికి వేరే బండి, వేరే డ్రమ్ము కావాలి, గురువారం జమ్మలమడుగు పంపిస్తామన్నాడు. అప్పటిదాకా ఎవరూ దాన్ని కదిలించకుండా ఎవరైనా చూసుకోవాలన్నాడు. నేను చూసుకుంటానని చెప్పాను.

లారీ పోయాక ఇద్దరం గేటు బయట బండి దగ్గర ఉగ్గాని తిన్నాం.

“గమ్మునుండమంటే ఉండవు గదా నువ్వు” అంది నా మనవరాలు.

“నీళ్ళు తాగు. గొంతు పట్టుకుంటాది” అన్నాను.

తొమ్మిదిన్నరకు ఆ పిల్ల ల్యాబుకు పోయింది. నేను జమ్మలమడుగు బస్సెక్కాను.